నీటిపూల వేళలు: మనవరాలికి ఒక లేఖ

వేళచ్చేరి, చెన్నై.

చిరంజీవి మనవరాలికి నీ చిన్నమ్మమ్మ ఆశీర్వదించి వ్రాసేది.

నీ ఉత్తరమూ, దానితోపాటు పంపిన పరిశోధన ప్రణాళికా అందాయి. పళ్ళికరణై చిత్తడినేలలోనూ, దాని చుట్టూ ఇంకా పూడిపోకుండా మిగిలిన చెరువుల్లోనూ నీటిమొక్కల పూల లక్షణాలను, వాటి పరాగ సంపర్కాన్ని రెండేళ్ళపాటు పరిశీలించడానికి చెన్నై వస్తున్నావని చదివి, మా అక్క ఈ సమయానికి ఉండి ఉంటే ఎంత మురిసిపోయేదో అనుకున్నాను. కొల్లేటి ఒడ్డున కిక్కిస గడ్డి చూస్తూ పెరిగిన పిల్లవు కనుక నీకు బురదా కొత్త కాదు, జలగలూ కొత్త కాదు. ప్రణాళిక కూడా శ్రద్ధగా ఉంది. అయితే ఒక వాక్యం దగ్గర మాత్రం నా కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదవవలసి వచ్చింది. "క్షేత్ర పరిశీలన ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు వరకు" అని వ్రాశావు. నేను చెప్పదలచిన దానిలో సగం ఆ వాక్యాన్ని కొట్టివేయమని అడగడమే.

నేను పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో సరిగ్గా ఇదే పొరపాటు చేశాను. ప్రయోగశాల తలుపులు తొమ్మిదింటికి తెరిచేవారు; పరికరాల సంచీ తీసుకుని, రెండు బస్సులు మారి, చెరువు గట్టుకు చేరేసరికి పదిన్నర దాటేది. నెల రోజులపాటు తెల్లకలువలను ఆ వేళకే చూసి, పూలు ముడుచుకునే ఉంటున్నాయనీ, కీటకాలేవీ వాటి దగ్గరకు రావడం లేదనీ, కనుక ఈ మొక్క తన పుప్పొడితోనే తాను కాయ కడుతున్నదనీ నోటుపుస్తకంలో ఎంతో ధీమాగా వ్రాసుకున్నాను. సెలవులకు ఇంటికి వెళ్ళి ఆ సంగతి మా అమ్మతో చెబితే, ఆమె రోట్లో పప్పు రుబ్బుతూ తల కూడా ఎత్తకుండా, "చంద్రుణ్ణి కలువలరేడని ఎందుకంటారనుకున్నావే?" అని అడిగింది. నెల రోజుల వ్రాతలో పనికివచ్చినది నీటిమట్టం అంకెలు మాత్రమే.

అలాగని కవుల మాటను పూర్తిగా నమ్మినా చిక్కే. నింఫియా ప్యూబిసెన్స్ అనే తెల్లకలువ చీకటి పడిన తరువాత విచ్చుకుని, మరునాడు ఎండ ముదిరేలోగా ముడుచుకుంటుంది కనుక దాని విషయంలో వారు చెప్పినది నిజమే. నల్లకలువ అని మనం పిలిచే నింఫియా నౌచాలి మాత్రం (పేరులో నలుపు ఉన్నా రంగు నీలమే) పొద్దెక్కేటప్పుడు విచ్చుకుని మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటుంది. చంద్రుడితో దానికి ఏ చుట్టరికమూ లేదు. ఒకే చెరువులో, ఒకే ప్రజాతికి చెందిన రెండు మొక్కలు రెండు వేర్వేరు గడియారాలతో బతుకుతున్నప్పుడు, రెంటినీ ఒకే పనివేళల్లో చూసి పోల్చడం ఎంతవరకు సబబో నీవే ఆలోచించు. అందుచేత మొదటి పక్షం రోజులు కొలతలేవీ తీయవద్దు. ఒక్కొక్క జాతిలో అయిదారు మొగ్గలను ఎంచుకుని, అవి విచ్చుకున్న క్షణం నుంచి కాడ వంగి నీటిలోకి దిగిపోయేవరకు, రాత్రింబవళ్ళు గంట గంటకూ వాటి స్థితిని మాత్రమే వ్రాసుకో. ఆ పక్షం రోజులు వృథా అయినట్లు నీ మార్గదర్శికి అనిపించవచ్చు. తరువాతి రెండేళ్ళ పని నిలిచేది దానిమీదే.

ఇలా గంట గంటకూ చూస్తే కలువలో మొట్టమొదట తెలిసేది, ఒకే పువ్వు రెండు రోజుల్లో రెండు వేర్వేరు పూలుగా ప్రవర్తిస్తుందన్న సంగతి. చాలా కలువ జాతుల్లో మొదటి రోజు పువ్వు ఆడపువ్వు కింద లెక్క. నడుమనున్న కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే ఆడభాగం, చిన్న గిన్నెలా ఉండి, దాని నిండా పలుచని ద్రవం ఊరి ఉంటుంది. చుట్టూ కేసరాలు నిటారుగా నిలబడి ఉంటాయి గాని, వాటి పుప్పొడి సంచులు, అంటే పరాగకోశాలు, ఇంకా పగలవు. ముందురోజు వేరే పువ్వులో పుప్పొడి పూసుకుని వచ్చిన చిన్న తేనెటీగో, ఈగో ఆ కేసరాలమీద వాలి, నున్నటి గోడమీద కాలు నిలవక జారి, తిన్నగా ఆ గిన్నెలో పడుతుంది. ఒంటిమీది పుప్పొడి ఆ ద్రవంలో కడిగిపోయి కీలాగ్రానికి చేరుతుంది. కొన్ని కీటకాలు ఈదుకుంటూ బయటపడతాయి, కొన్ని అక్కడే మునిగి చచ్చిపోతాయి. రెండవ రోజుకు ద్రవం ఇంకిపోయి, కేసరాలు లోపలికి వంగి గిన్నెను కప్పివేస్తాయి, పరాగకోశాలు పగులుతాయి. ఆ రోజు వచ్చిన కీటకానికి ప్రాణభయం లేదు, పుప్పొడి దొరుకుతుంది. అంటే మొక్క మొదటి రోజు ఏ బహుమానమూ ఇవ్వకుండా, రెండవ రోజు పువ్వు పోలికతోనే కీటకాన్ని మోసం చేస్తున్నది. పట్టికలో నీవు "పుప్పొడి: ఉంది" అని ఒకే గడి పెట్టావు. ఏ రోజు పువ్వులో ఉంది అన్న గడి పక్కన లేకపోతే ఆ సమాచారానికి అర్థం ఉండదు.

ఇక్కడ ఒక చిన్న ఉపాయం చెబుతాను. మొదటి రోజు పువ్వులో సొంత పరాగకోశాలు మూసుకునే ఉంటాయి కనుక, గిన్నెలోని ద్రవాన్ని సన్నని గాజు కేశనాళికతో పీల్చి సూక్ష్మదర్శిని కింద చూస్తే, అందులో కనిపించే ప్రతి పుప్పొడి రేణువూ బయటి నుంచి వచ్చినదే అవుతుంది. కీటకాలను గంటల తరబడి లెక్కపెట్టిన దానికంటె ఈ ఒక్క చుక్క ఎక్కువ సాక్ష్యం చెబుతుంది. అయితే ముందుగా నీ చెరువులోని జాతిలో పరాగకోశాలు నిజంగా మొదటి రోజు మూసుకునే ఉంటున్నాయో లేదో భూతద్దంతో నిర్ధారించుకో. రాత్రి పూసే కలువల్లో కొన్ని మొదటి రోజే కోశాలు పగిలి, తమ పుప్పొడిని తామే వాడుకోగలవు. పుస్తకంలో ఒక జాతికి వ్రాసినది పక్క జాతికి అంటగట్టడం మన రంగంలో చాలాకాలంగా ఉన్న జాడ్యం.

తామర విషయానికి వస్తే, చూడటానికి కలువకు అక్కచెల్లెలిలా ఉన్నా, వంశం రీత్యా దానికీ కలువకూ చాలా దూరం. నేటి వర్గీకరణలో తామర ప్రోటియా మొక్కలున్న క్రమంలోకి చేరింది. సాయంత్రం ముడుచుకున్న తామరలో తుమ్మెద చిక్కుకుపోయిందని మన కావ్యాల్లో పదేపదే వస్తుంది కదా, అందులో గమనింపు ఉంది. మొదటి రోజు కొద్దిగా విచ్చుకున్న పువ్వులో, నడుమనున్న శంకువులాంటి పుష్పాసనంమీద కీలాగ్రాలు పుప్పొడికి సిద్ధంగా ఉంటాయి. పువ్వు ముడుచుకున్నప్పుడు లోపల ఉండిపోయిన పెంకు పురుగులవంటివి, మరునాడు కోశాలు పగిలాక పుప్పొడి పూసుకుని బయటికి వస్తాయి. పైగా ఆ పువ్వు తన వెచ్చదనాన్ని తానే పుట్టించుకుంటుంది. 1996లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ వృక్షోద్యానంలో సేమర్, షుల్ట్‌జ్-మోటెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కొలిచి చూస్తే, బయటి గాలి 10 నుంచి 30 డిగ్రీల మధ్య మారుతున్నా పువ్వు లోపల మాత్రం 30 నుంచి 36 డిగ్రీల మధ్యనే నిలిచి ఉంది. ఇది చదివి నీవు మే నెల మధ్యాహ్నం చెన్నైలో ఉష్ణమాపకం పట్టుకుని బయలుదేరితే ఏమీ కనిపించదు, ఎందుకంటే మన ఎండే ఆ వేడికి పైన ఉంటుంది, గాలి వేడెక్కినకొద్దీ పువ్వు తన పొయ్యి తగ్గించుకుంటుంది. తామర పూసే కోనేరు ఏదైనా దొరికితే, గాలి చల్లబడిన రోజుల్లో తెల్లవారుజామున కొలిచి చూడు. తేడా తెలిస్తే అప్పుడే తెలుస్తుంది.

ఇంతవరకు చెప్పిన పూలన్నీ నీటికి పైన విచ్చుకునేవే. నీ ప్రణాళికలో "నీటిమొక్కలు కనుక నీటి ద్వారా పరాగ సంపర్కం" అన్న ఊహ అక్కడక్కడ తొంగిచూస్తున్నది, దాన్ని మొదట్లోనే తుడిచివేసుకో. నీటిలో బతికే పూల మొక్కల్లో ఎక్కువ భాగం నేలమీది బంధువుల మాదిరే కీటకాలమీదో, గాలిమీదో ఆధారపడతాయి. కాడ పొడుగ్గా పెంచుకోవడం, మొగ్గను నీటి కిందే దాచి పైకి వచ్చాకనే విప్పడం, ఆకర్షణ పత్రాలను దొన్నెలా మడవడం ఇవన్నీ చాలావరకు పుప్పొడి తడవకుండా చూసుకునే ఏర్పాట్లే. అందుకే పూల లక్షణాల్లో రంగు, కొలత, వాసనలతోపాటు, పువ్వు నీటిమట్టానికి ఎన్ని సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదన్నది తప్పక కొలువు. నేలమీది పూల పట్టికను తెచ్చి నీటిమీద పెట్టినవారు మరిచిపోయేది సాధారణంగా ఇదే.

ఒక పరీక్ష చేసి చూడు, పైసా ఖర్చు లేదు. పువ్వు నుంచి పుప్పొడిని సూదిమొనతో తీసి, గాజు పలకమీద ఆ చెరువు నీటి చుక్కలోనే వేసి, వెంటనే సూక్ష్మదర్శిని కింద చూడు. నేలమీది అలవాటు వదలని పుప్పొడి రేణువులు చాలావరకు నీరు పీల్చుకుని ఉబ్బి పగిలిపోతాయి. అదే నీటిలో మునిగి పెరిగే సెరటోఫిల్లం అనే మొక్క పుప్పొడిని వేస్తే నిశ్చింతగా ఉంటుంది, ఎందుకంటే ఆ మొక్క పరాగ సంపర్కం పూర్తిగా నీటి లోపలే జరుగుతుంది. దాని రేణువులకు నేలమొక్కల పుప్పొడికి ఉండే గట్టి పైపొర ఉండదు, కేసరం తెగి పైకి తేలి పగిలితే రేణువులు నెమ్మదిగా కిందికి దిగుతూ కీలాగ్రాలకు తగులుతాయి. పాక్ జలసంధి దగ్గర సముద్రపు గడ్డి చూసే అవకాశం వస్తే వదులుకోవద్దు; సైమొడోసియా వంటి వాటి పుప్పొడి గుండ్రంగా ఉండదు, దారపు పోగులా పొడుగ్గా సాగి ఉంటుంది, నీటి ప్రవాహంలో కొట్టుకుపోతూ కీలాగ్రానికి చుట్టుకుంటుంది.

నీటి లోపలికీ, నీటి పైకీ నడుమ నీటి ఉపరితలమనే మూడవ దారి ఒకటి ఉంది. నాకు జీవితంలో అత్యంత ఆనందం కలిగించిన దృశ్యాలు అక్కడివే కనుక కొంచెం ఎక్కువసేపు చెబితే విసుక్కోకు. వాలిస్నేరియా మొక్క అడుగున బురదలో ఉంటుంది. దాని మగపూలు ఆవగింజ కంటె చిన్నవి. అవి తల్లిమొక్క నుంచి తెగి, గాలి బుడగల్లా పైకి తేలి, నీటిమీద విచ్చుకుని, పత్రాలను వెనక్కి మడిచి చిన్న పడవల్లా నిలబడతాయి. ఆడపువ్వు సన్నని పొడుగాటి కాడమీద ఉపరితలం దాకా వచ్చి ఆగుతుంది. నీటికి తలతన్యత ఉంటుంది కనుక దాని చుట్టూ ఉపరితలం చిన్న పళ్ళెంలా గుంట పడుతుంది. గాలికి కొట్టుకువచ్చిన మగపూలు ఆ గుంట అంచుకు రాగానే లోపలికి జారి, ఆడపువ్వును తాకుతాయి. పుప్పొడి ఒక్కసారి కూడా తడవదు. ఆ తరువాత ఆడపువ్వు కాడ స్ప్రింగులా చుట్టుకుని కాయను నీటి కిందికి లాక్కుపోతుంది. హైడ్రిల్లా, అంటే మన చెరువుల్లో పడవ తెడ్లకు చుట్టుకునే ఆ పాడు నాచు, దానికి ఓపిక తక్కువ. దాని మగపువ్వు పైకి తేలిన తరువాత ఒక్కసారిగా చిట్లి పుప్పొడిని గాలిలోకి చిమ్ముతుంది. కీలాగ్రంమీద పడినదే పనికివస్తుంది, నీటిమీద పడినది నష్టమే. ఇవి చూడాలంటే గాలి నిలిచిన ఉదయం వేళ గట్టుమీద బోర్లా పడుకుని, కళ్ళు నీటిమట్టానికి దగ్గరగా పెట్టాలి. నిలబడి చూస్తే దుమ్ము తేలుతున్నట్లే ఉంటుంది. రెండు మొక్కలనూ తెచ్చి గాజు తొట్టిలో పెట్టుకుంటే ఇంకా మంచిది. చేపల తొట్లు అమ్మే దుకాణాల్లో రెండూ దొరుకుతాయి, అయితే దుకాణపు వాలిస్నేరియా చాలాసార్లు విదేశీ జాతి అయి ఉంటుంది కనుక దాన్ని అలవాటు కోసం చూడు గాని లెక్కలో చేర్చకు.

గుర్రపు డెక్క గురించి నీవు ఒక్క వాక్యంతో సరిపెట్టావు. అందరూ పీకివేయాలని చూసే మొక్క కనుక పరిశోధనకు పనికిరాదని అనుకున్నట్లున్నావు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్కలో, కీలం, అంటే కీలాగ్రాన్ని మోసే కాడ, పొడవును బట్టి పూలు మూడు రూపాల్లో ఉంటాయి: పొట్టి కీలం, మధ్య కీలం, పొడుగు కీలం. ఒక రూపం పుప్పొడి వేరొక రూపపు కీలాగ్రానికి సరిగ్గా తగిలే ఎత్తులో కేసరాలు అమరి ఉంటాయి. మొక్క వలస వెళ్ళిన దేశాల్లో ఎక్కువచోట్ల మధ్య కీలం రూపమే వ్యాపించింది. మిగిలిన జోడీలు లేకపోయినా పిలకలతోనే చెరువులు నింపుకుంటూ పోయింది. నీవు తిరిగే ప్రతి చెరువులోనూ యాభై పూకంకులనైనా కోసి, కీలం ఏ ఎత్తున ఉందో చూసి వ్రాసుకో. పువ్వు ఒక్క రోజే నిలుస్తుంది, తరువాత కంకి కాడ వంగిపోతుంది కనుక ఉదయమే చూడాలి. చేతితో పుప్పొడి అద్దినప్పుడు ఎన్ని గింజలు వస్తాయో, వదిలివేస్తే ఎన్ని వస్తాయో పోల్చితే, గింజలు తక్కువ కావడానికి కారణం మొక్క లోపమా, కీటకాల కొరతా అన్నది తేలుతుంది.

కీలం ఎత్తుల ఆట నింఫాయిడిస్ ఇండికాలో కూడా ఉంది. అంచులకు తెల్లని నూగుతో, నడుమ పసుపుపచ్చగా ఉండే చిన్న పువ్వు అది. దానిలో రెండు రూపాలే: కీలం పొడుగై కేసరాలు పొట్టిగా ఉన్నవి, కేసరాలు పొడుగై కీలం పొట్టిగా ఉన్నవి. ఇటువంటి పూలమీద డార్విన్ 1877లో ఒక గ్రంథమే వెలువరించాడు. వరిపొలాల్లో కలుపుగా కనిపించే మోనోకోరియాను కూడా మరవకు. అయిదు చిన్న పసుపు పరాగకోశాలూ, ఒక పెద్ద నీలి పరాగకోశమూ ఉంటాయి. పసుపువి కీటకాన్ని పిలుస్తాయి, అది వాటితో తీరికగా ఉండగా నీలిది పక్కనుంచి ఒంటికి పుప్పొడి అద్దుతుంది. నేను వంటింట్లో అతిథుల్ని మాటల్లో పెట్టి, మీ అమ్మచేత ఇంకో గరిటెడు వడ్డింపించేదాన్నే, అటువంటి ఏర్పాటు.

ఇప్పుడు చెప్పబోయేది చాలామంది పరిశోధన పత్రాల్లో నాకు కనిపించిన పెద్ద లోపం. నీటిమొక్కలు దుంపలతో, పిలకలతో పాకుతాయి. చెరువు నిండా వంద కలువలు పూసి ఉంటే అవి వంద మొక్కలు కావచ్చు, ఒకే మొక్క కావచ్చు. పక్క పువ్వు నుంచి పుప్పొడి తెచ్చి "పరపరాగ సంపర్కం చేశాను" అని వ్రాసినవారు, నిజానికి మొక్క కుడిచెయ్యి తీసి ఎడమచేతిలో పెట్టి ఉండవచ్చు. అందుచేత పరపరాగ ప్రయోగానికి పుప్పొడిని కనీసం వేరొక చెరువు నుంచి తీసుకురా, నమూనాల లెక్కలో పూల సంఖ్యతోపాటు చెరువుల సంఖ్యను కూడా వేరుగా చూపించు. వంద పూలు కొలిచినా చెరువు ఒక్కటే అయితే నేను దాన్ని ఒక్క నమూనాగానే పరిగణిస్తాను, నీ పరీక్షకులు మెతకవారు కావచ్చు గాని.

సంచుల ప్రయోగం నీకు తెలిసినదే: కొన్ని పూలను వదిలివేయడం, కొన్నిటిని కప్పి ఉంచడం, కొన్నిటికి కేసరాలు తీసి పరాయి పుప్పొడి అద్దడం, కొన్నిటికి సొంత పుప్పొడి అద్దడం. నీటిమీద దీనికి అదనంగా కావలసినవి చెబుతాను. కాగితపు సంచి ఒక్క రాత్రి మంచుకే పువ్వుకు అంటుకుపోతుంది, కనుక సన్నని నైలాన్ దోమతెర గుడ్డను తీగ చట్రానికి చుట్టి, పువ్వుకు తగలకుండా గూడులా నిలబెట్టు. జమ్ము వంటి గాలిపూలకు దోమతెర పనికిరాదు, పుప్పొడి అందులోంచి దూరిపోతుంది. వాటికి మాత్రం పలుచని మైనపు కాగితమే కట్టాలి. గుర్తు చీటీలను కాడకు కట్టి ఊరుకోవద్దు. ఒకసారి ఈశాన్య ఋతుపవనం మొదలైన వారంలోనే చెరువు మూడడుగులు పెరిగి, నేను కట్టిన చీటీలన్నీ పూలతో సహా మునిగిపోయాయి, కొన్ని కలువలు తమ కాడలు పొడిగించుకుని పైకి వచ్చాయి గాని, ఏది ఏదో చెప్పడానికి వాటికి నోరు లేదు. తరువాత నుంచి చిన్న బెండు ముక్కకు సంఖ్య వ్రాసి, పొడుగాటి నైలాన్ దారంతో కాడ మొదలుకు కట్టడం అలవాటు చేసుకున్నాను. నీరు ఎంత పెరిగినా బెండు తేలుతుంది. నూలు దారం వాడవద్దు, కుళ్ళిపోతుంది.

పువ్వుమీద వాలిన ప్రతి కీటకాన్నీ పరాగ వాహకం అనకు. తూనీగ కాడమీద కూర్చునేది వేటకోసం. చిన్న చీమ మకరందం తాగి కీలాగ్రాన్ని తాకకుండానే దిగిపోతుంది. కొన్ని తేనెటీగలు పుప్పొడి మాత్రమే దోచుకుంటాయి. కీటకం ఏ భాగాన్ని తాకింది, ఎంతసేపు ఉంది, తరువాత అదే జాతి పువ్వుకు వెళ్ళిందా వేరే జాతికి వెళ్ళిందా అన్న మూడు సంగతులూ వ్రాయి. తెర కింద కప్పి ఉంచిన కన్యపువ్వును విప్పి, ఒకే ఒక్క కీటకం వాలి వెళ్ళగానే కీలాగ్రాన్ని కోసి, దానిమీది రేణువులను లెక్కపెట్టగలిగితే, ఆ కీటకం పనితనం అంకెల్లో తెలుస్తుంది. రాత్రివేళ ఎర్రని పలుచటి కాగితం చుట్టిన టార్చి వాడు; తెల్లని వెలుతురుకు వచ్చిన పురుగులను పువ్వుకోసం వచ్చాయని వ్రాసుకునే ప్రమాదం ఉంది.

ప్రయోగశాల పరీక్షల గురించి క్లుప్తంగా చెబుతాను. కీలాగ్రం సిద్ధంగా ఉందో లేదో తెలుసుకోవడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేసి బుడగలు చూస్తాము గదా, గాయపడిన కణజాలం కూడా బుడగలు చూపిస్తుంది కనుక పట్టకారుతో నలిపిన పువ్వును నమ్మవద్దు. అసిటోకార్మిన్ రంగు పట్టినంత మాత్రాన పుప్పొడికి ప్రాణం ఉన్నట్లు కాదు. చక్కెర, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో మొలకెత్తించి చూడు. పుప్పొడి, అండాల నిష్పత్తిని లెక్కించాలని వ్రాశావు, మంచిదే. క్రూడెన్ అనే శాస్త్రజ్ఞుడు 1977లో ఇచ్చిన సగటుల ప్రకారం, విచ్చుకోని సంవృత పూలలో ఒక్కొక్క అండానికి దాదాపు 5 రేణువులు ఉంటే, పరపరాగం లేనిదే కాయని పూలలో 5,800కు పైగా ఉంటాయి. అయితే ఆ సగటులను నేలమీది కీటక పుష్పాలను దృష్టిలో పెట్టుకుని చదవాలి. పువ్వుకు ఒక్క అండమే ఉండే జమ్ముకూ, నీటిలోనే పుప్పొడి వదిలే మొక్కలకూ వాటిని యథాతథంగా తగిలిస్తే తప్పుడు తీర్మానం వస్తుంది.

పళ్ళికరణై రక్షిత అటవీ ప్రాంతం కనుక అటవీశాఖ అనుమతి లేకుండా లోపల కాలు పెట్టవద్దు. రాత్రి పరిశీలన ఉందని దరఖాస్తులోనే స్పష్టంగా వ్రాయి, తరువాత అడిగితే నెలలు పడుతుంది. మన కొల్లేరు 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేరితే ఇది 2022లో, 1,247 హెక్టార్లతో చేరింది. కళువేలి అని పిలిచిన ఒకప్పటి పెద్ద చిత్తడినేలలో మిగిలిన చిన్న భాగమే ఇది. నడుమ రేడియల్ రోడ్డు, ఒక పక్క పెరుంగుడి చెత్తకుప్ప ఉన్నాయి. రోడ్డు దీపాల వెలుతురు పడే చోట రాత్రిపూల ప్రవర్తనను, చీకటి చోట పూసిన వాటితో వేరుగా వ్రాసుకో. మురుగు కలిసే నీటిలో గాయంతో దిగితే ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ పట్టుకోవచ్చు, కనుక తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లు కొను, ఆ ఖర్చు నేను ఇస్తాను. ఒంటరిగా మాత్రం రాత్రి వెళ్ళవద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నీటి ఎత్తును ఎవరూ చెప్పలేరు; 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానప్పుడూ ఆ నీళ్ళు మా వీధిలోకి వచ్చిన సంగతి నీకు తెలుసు. వానలు తగ్గి నీరు తేరుకున్న జనవరి నుంచి నీ అసలు పని మొదలవుతుందని లెక్క వేసుకో.

పేర్ల విషయంలో ఒక జాగ్రత్త. ఇక్కడివారు కలువను అల్లి అంటారు, జమ్మును సంబు అంటారు. ఆగాయత్తామరై అన్న పేరును మాత్రం గుర్రపు డెక్కకూ, మన అంతరతామరకూ కూడా వాడతారు. గట్టుమీద గేదెలు కాసేవారు చెప్పిన సమాచారం చాలా విలువైనది, అయితే ఏ మొక్క గురించి చెబుతున్నారో దాన్ని చేతిలో పెట్టి అడిగి, ఆకుతో సహా ఒత్తి దాచిన తరువాతనే శాస్త్రీయ నామం వ్రాయి.

నా పాత చేతి రిఫ్రాక్టోమీటరు బీరువాలో ఉంది, ఇంకా సరిగ్గానే పనిచేస్తున్నది. కలువ గిన్నెలోని ద్రవంలో చక్కెర ఎంత తక్కువో దానితో చూడవచ్చు, తీసుకుపో. మేడమీద సిమెంటు తొట్టిలో తెల్లకలువ వేసి ఉంచాను. నిన్న ఒక మొగ్గ నీటిపైకి తల ఎత్తింది, రేపో ఎల్లుండో రాత్రి విచ్చుకుంటుంది. శుక్రవారం చీకటి పడేలోగా వచ్చేసెయ్యి, చలిదుప్పటి, గడియారం, పెన్సిలు తెచ్చుకో. పెన్ను వద్దు, మంచుకు సిరా అలుక్కుపోతుంది. రాత్రికి పెరుగన్నం, గోంగూర పచ్చడి సిద్ధం చేసి ఉంచుతాను.

ఆశీస్సులతో,
నీ చిన్నమ్మమ్మ